లింతంగ్ పుస్తకంలో పదకొండో పేజీ

స్లావి, జావా
8 జూన్ 1994

అక్కయ్యకు,

కుశల ప్రశ్నలు చివర రాస్తాను. ముందు జరిగినది, జరిగిన వరుసలో.

1. మొన్న సోమవారం ఉదయం నేను, వుర్యానీ, లింతంగ్‌ను తీసుకుని తెగల్ ఊళ్ళోని పిల్లల ఆస్పత్రికి వెళ్ళాం. మూడు నెలలుగా ఇస్తున్న ఐరన్ మందు పని చేసిందో లేదో చెప్పే రక్తపరీక్ష అది.

2. మందు మొదలుపెట్టేనాటికి పిల్లకు హిమోగ్లోబిన్ ఎనిమిది పాయింట్ నాలుగు. మొన్న ఎనిమిది పాయింట్ మూడు.

3. నర్సు సుహార్తి ఆ కాగితం చూసి, తల ఎత్తకుండా, ప్రతి తల్లినీ పిలిచినట్టే 'ఇబు' అని పిలిచి, వుర్యానీని అడిగింది: "రోజూ పోస్తున్నావా ఇబు, గుర్తొచ్చినప్పుడు పోస్తున్నావా?"

4. వుర్యానీ రోజూ అని చెప్పింది. మెల్లగా చెప్పింది. ఆవిడ ఏ మాటైనా మెల్లగానే చెబుతుంది.

5. ఆ మందు పోసేది వుర్యానీ కాదు, నేను. ఆ మాట చెప్పబోయాను. "బాపా, మీరు బయట బల్ల మీద కూర్చోండి, నేను తల్లితో మాట్లాడుతున్నాను" అన్నది నర్సు. వెళ్ళి కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో ఇప్పటికీ అర్థం కావడం లేదు.

6. డాక్టరుగారు రెండు నెలల తర్వాత మళ్ళీ రమ్మన్నారు. ఏడుకు దిగితే ఆస్పత్రిలో చేర్చి రక్తం ఎక్కించాలన్నారు.

7. ఇంటికి వచ్చి పిల్ల ఆరోగ్య పుస్తకం తెరిస్తే, పదకొండో పేజీలో నీలం సిరాతో ఇలా ఉంది: "తల్లి మందు క్రమంగా ఇవ్వడం లేదు."

ఏడు అంశాలు. ఎనిమిదోది నా కోపం. దాన్ని ఒక అంకె కింద ఇరికించలేను.

మీకు తెలిసిన సంగతే అయినా రాస్తున్నాను, ఈ ఉత్తరం నకలు నా దగ్గర ఉంటుంది కనుక. లింతంగ్‌కు పాలు పడవు. గుడ్డు పడదు. సోయా పడదు, అంటే టోఫూ, టెంపే రెండూ పోయాయి. వేరుశెనగ, చేప, రొయ్య పడవు. మిగిలినవి అన్నం, ఆకుకూరలు, కాయగూరలు, అరటిపండు, బొప్పాయి, నారింజ, కొబ్బరి, వారానికి రెండుసార్లు కోడిమాంసం. నాలుగేళ్ళ పిల్ల వీటితో ఎదగదని డాక్టరుగారే చెప్పి మూడు సీసాలు రాశారు: రక్తానికి ఐరన్, ఎముకలకు క్యాల్షియం, ఎదుగుదలకు జింక్. ఆ పిల్లకు కంచంలో లేనిదంతా సీసాల్లోనే ఉండాలి. ఐరన్, క్యాల్షియం ఒకేసారి ఇవ్వవద్దన్నారు. ఇవ్వలేదు. ఉదయం ఆరుంపావుకు ఐరన్, మధ్యాహ్నం జింక్, సాయంత్రం నాలుగుకు క్యాల్షియం. గోడ మీది పట్టికలో తొంభై రెండు రోజులకు తొంభై రెండు టిక్కులు ఉన్నాయి, ఒక్క గడి ఖాళీ లేదు. రాయడానికి సంకోచంగా ఉన్నా, ఐరన్ తాగిన పిల్లల విరేచనం నల్లగా మారుతుందని నేను చదివాను. అది కూడా రోజూ రాసుకున్నాను. నల్లగానే ఉంది.

అంటే తండ్రి పోశాడు, పిల్ల మింగింది, రక్తం పట్టలేదు. ఇక మిగిలిన కారణం ఒక్కటే. సీసాలో ఉన్నది మందు కాదు, లేదా కాలం చెల్లిన మందు. ఆ సీసాలు సెమరాంగ్‌లో మీరు పనిచేసే దుకాణం నుంచి, మీ చేతి మీదుగా వచ్చాయి. తయారీ తేదీ, నిల్వ ఉంచిన చోటు, బస్సులో ఇంజను పక్కన పెట్టారా దూరంగా పెట్టారా, ఇవన్నీ నాకు తెలియజేయండి.

ఇక్కడ అందరూ కులాసా.

మీ తమ్ముడు
కర్సోనో


సెమరాంగ్
13 జూన్ 1994

తమ్ముడూ,

నీ ఉత్తరం దుకాణంలో గల్లా పక్కన నిలబడి విప్పడం నాదే బుద్ధితక్కువ. నా ముఖం చూసి మా యజమాని ఎవరు పోయారని అడిగాడు. మా తమ్ముడికి మతి పోయిందండీ అని చెప్పాను.

పద్దెనిమిదేళ్ళుగా మందులు అమ్ముతున్నాను. నీ కూతురికి పంపిన పెట్టెలోంచే పదకొండుమంది పిల్లలకు ఇచ్చాను. పదకొండుమందికీ రక్తం పట్టింది. నీ ఒక్కడి కూతురికోసం పాడైన సీసాలు ఏరి పంపేటంత తీరిక నాకు లేదు. ఒక్కో సీసా డబ్బాలోంచి తీసి, దూది చుట్టి, పగలకుండా కట్టి, బస్సు డ్రైవరు చేతిలో పెట్టి, ఎండ తగలనివ్వకు నాయనా అని బతిమాలింది నేను. నీకు అందిన ఆరు సీసాల్లో ఒక్కటైనా పగిలిందా? అది మాత్రం ఏ అంశంలోనూ రాయలేదే.

బల్ల మీద కూర్చోబెట్టింది నర్సు. ఆ కోపం నా మీద తీర్చుకోకు.

వుర్యానీ మీద ఆ మాట రాసిన చేతికి వాత పెట్టాలి. అది వేరే సంగతి. ఇప్పుడు చెప్పింది చెయ్యి. పిల్ల పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా నోట్లోకి పోయే ప్రతిదీ రాసి పంపు. తినేవే కాదు, తాగేవి కూడా. నీకు ఇష్టమైన పనే కదా.

అక్క
కుస్తియా


స్లావి
18 జూన్ 1994

సెమరాంగ్ మందుల దుకాణంలో పనిచేయుచున్న అక్కయ్యగారికి,

కోరిన వివరాలు మూడు కాగితాల్లో జత చేశాను. వరుసగా మూడు రోజులు, ప్రతి పదార్థం తూకంతో సహా. తూకానికి వాడినది మా కర్మాగారంలో మల్లెమొగ్గలు తూచే చిన్న త్రాసు. గ్రాము తేడాకు టీ వాసన మారిపోయే పని నాది, కనుక త్రాసును మీరు అనుమానించనవసరం లేదు. తాగేవి అన్న గడిలో కాచి చల్లార్చిన నీళ్ళు, రోజుకు నాలుగు గ్లాసులు. నారింజ రసం, ఉన్నరోజు అర గ్లాసు. ఈ కాగితాల్లో లేనిది పిల్ల నోట్లోకి పోలేదు.

సీసా ఏదీ పగలలేదు. ఇది అంగీకరిస్తున్నాను.

మరొకటి మీకు తెలియాలి. నెలవారీ పిల్లల తూకానికి ఈసారి వుర్యానీ వెళ్ళలేదు. పుస్తకం అక్కడ చూపించాలి, పదకొండో పేజీ నలుగురూ చదువుతారు. అయినా ఒకరి నోటి నుంచి ఒకరికి చేరనే చేరింది. మా అత్తగారు రస్మిగారు మొన్న బ్రెబెస్ ఊరి ఉప్పు బాతుగుడ్లు అరడజను తెచ్చి, సీసాలో రక్తం ఎక్కడుంటుందని, అది బాతుగుడ్డులో ఉంటుందని బోధించారు. రెండేళ్ళ క్రితం గుడ్డు తిన్న పావుగంటకు పిల్ల పెదవులు ఎలా ఉబ్బాయో, ఊపిరి ఎలా ఈలలా వచ్చిందో ఆవిడకు గుర్తు చేశాను. అప్పుడు చిన్నది కదా, ఇప్పుడు గట్టిపడి ఉంటుందన్నారు.

నేను గుడ్లు తిప్పి పంపబోతే వుర్యానీ చేయి అడ్డం పెట్టింది. "ఉండనివ్వండి. రెండో పరీక్షదాకా చూస్తాను. అప్పుడూ పెరక్కపోతే కొంచెం కొంచెంగా నేనే పెడతాను. ఎలాగూ చెడ్డతల్లినని పుస్తకంలో రాసే ఉంది" అన్నది.

ఆ మాట కూడా మెల్లగానే అన్నది. ఒక నర్సు ఒక్క నిమిషంలో రాసిన ఒక్క వాక్యం నా ఇంట్లో ఏం చేస్తున్నదో చూడండి. ఆగస్టు ఎనిమిది రెండో పరీక్ష. దుకాణం అబద్ధం చెప్పడం లేదంటే, నా పట్టిక అబద్ధం చెప్పడం లేదంటే, మరి ఎవరు చెబుతున్నారు?

కర్సోనో


సెమరాంగ్
5 జూలై 1994

తమ్ముడూ,

శనివారం మీ ఇంటికి వచ్చి, ఆదివారం భోజనం అయ్యేదాకా ఉండి, సరిగ్గా నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళిపోయానని నీకు మనసులో గుచ్చుకునే ఉంటుంది. వుర్యానీ బస్సుదాకా వచ్చి, వదినా, ఆయన ఉత్తరం మనసులో పెట్టుకోకండి అన్నది. ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను.

నీ మూడు కాగితాలూ రెండు వారాలు చదివాను. తప్పు దొరకలేదు. అందుకే కళ్ళతో చూద్దామని వచ్చాను.

ఆదివారం పొద్దున్న నువ్వేం చేశావో చెబుతాను విను. మట్టి కూజాలోంచి లింతంగ్ చిన్న కప్పులోకి టీ వంపావు. పటికబెల్లం ముక్క వేశావు. మందు చెంచాను కంటికి ఎదురుగా ఎత్తి, గీతదాకా వచ్చిందో లేదో చూసి, ఆ టీలో పోశావు. క్షణంలో కప్పు సిరాబుడ్డిలా నల్లబడింది. "చూశావా అక్కయ్యా, ఎలా కలిసిపోయిందో. ఒట్టి మందైతే ఉమ్మేస్తుంది" అన్నావు. పిల్ల గుటగుటా తాగి, పటికబెల్లం చప్పరిస్తూ నా ఒళ్ళో కూర్చుంది.

టీలో ఉండే వగరు ఐరన్‌ను పట్టేసుకుంటుంది, కర్సోనో. ఆ నలుపు అదే. అలా పట్టుబడ్డ ఐరన్ రక్తంలోకి పోదు, కడుపులోకి ఎలా వచ్చిందో అలాగే బయటికి పోతుంది. నువ్వు రోజూ రాసుకున్నావే, ఆ నలుపు కూడా అందుకే. నువ్వు పోశావు. పిల్ల మింగింది. రెండూ నిజమే.

అక్కడే చెప్పొచ్చు కదా అంటావు. ఎలా చెప్పను? రస్మిగారు ఎదురుగా, పక్కింటావిడ గుమ్మంలో. నువ్వు నీ చేత్తో నాకు కూడా అదే కూజాలోంచి వంపి ఇచ్చావు. స్లావిలో ఒకరింట్లో కూర్చుని వాళ్ళ టీకి వంక పెట్టిన మనిషిని నువ్వెప్పుడైనా చూశావా? తాగేశాను. రెండో కప్పు కూడా తాగేశాను.

ఇకనుంచి ఐరన్ నారింజ రసంతో ఇవ్వు. దానికి ముందూ వెనకా రెండేసి గంటలు టీ వద్దు, అన్నంతో పాటు అసలే వద్దు.

ఒక్కటి మాత్రం అడుగుతాను. గ్రాములతో సహా రాసిన నీ మూడు కాగితాల్లో టీ ఏదీ?

కుస్తియా


స్లావి
12 జూలై 1994

అక్కయ్యకు,

మీ ఉత్తరం శుక్రవారం పగలు అందింది. ఆ ఉదయం కూడా టీలోనే పోశాను. మీరు ఆదివారం నోరు విప్పి ఉంటే ఐదు మోతాదులు దక్కేవి. మర్యాద అంటారు. ఆ మర్యాదను నా కూతురి రక్తంలోంచి చెల్లించారు.

మొదట ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళాను. ఇరవై రెండేళ్ళుగా ఈ చేతులతో టీకి మల్లెవాసన పట్టిస్తున్నాను. ఈ ఊళ్ళో తల్లిపాలు మానిన బిడ్డకు మొదట అలవాటయ్యేది టీ. అతిథికి టీ, జ్వరానికి టీ, ఏడిస్తే టీ. దాన్ని పట్టికలో ఎలా రాస్తాను? పీల్చిన గాలి రాశానా? నాలుగు గ్లాసుల నీళ్ళు అని రాసినప్పుడు నేను అబద్ధం చెప్పలేదు. టీ నీళ్ళు కాదని నాకు నిజంగానే తోచలేదు.

మడతలు విప్పి, మూడు గ్లాసులు తీసుకున్నాను. ఒకదానిలో నీళ్ళు, ఒకదానిలో నారింజ రసం, ఒకదానిలో మా కర్మాగారపు మేలురకం టీ. మూడింటిలోనూ చెంచాడేసి మందు. నీళ్ళు లేత గోధుమరంగు తిరిగాయి. రసం రసంలాగే ఉంది. టీ నల్లబడింది, గంట తర్వాత అడుగున నల్లటి మడ్డి పేరుకుంది. చెంచాతో గీకి వేలికి రాసుకున్నాను. సబ్బుతో కడిగినా పోలేదు.

తర్వాత నా నోటు పుస్తకం తీశాను. మార్చి ఏడు, మందు మొదటి రోజు. నా దస్తూరీలోనే ఉంది: "టీలో పోయగానే నల్లబడినది. బాగా కలిసినది."

ఆ వాక్యం వుర్యానీకి చదివి వినిపించాను. చదవకుండా ఉండవచ్చు. చదివాను. ఆవిడ ఆ పేజీని తనూ ఒకసారి చదువుకుంది. తర్వాత, "మీరు ఆ నర్సు మీద ఇంట్లో కూర్చుని అరిచారు, అక్కయ్య మీద అరిచారు, మా అమ్మ మీద అరిచారు. ఇప్పుడెవరి మీద అరుస్తారు?" అని అడిగింది. నేను పెరట్లోకి వెళ్ళాను.

కాని నా కోపం తగ్గలేదు, తగ్గనవసరమూ లేదు. డాక్టరుగారు మందు రాస్తున్నప్పుడు ఆయన మోచేతి పక్కన మూతపెట్టిన టీ గ్లాసు ఉంది. నర్సు బల్ల మీద ఉంది. తూకం వేసే ఆడవాళ్ళ ముందు కూజాయే ఉంది. పాలా, గుడ్డా, చేపా అని వందసార్లు అడిగినవారు, ఏం తాగుతుంది అని ఒక్కసారి అడగలేదు. తల్లి పోయడం లేదని మాత్రం, ఆమె చెప్పిన జవాబు వినకుండానే రాసేశారు.

ఇక మిమ్మల్ని అడగవలసినది. మందు తయారుచేసిన వారికి ఈ సంగతి తెలియకుండా ఉండదు. తెలిస్తే డబ్బాలో పెట్టే కాగితంలో రాసి ఉండాలి. నాకు ఆరు సీసాలు వచ్చాయి. ఒక్క కాగితమైనా రాలేదు. అది ఎక్కడ?

కర్సోనో


సెమరాంగ్
16 జూలై 1994

తమ్ముడూ,

కాగితం చెత్తబుట్టలో ఉంది. నేనే పారేశాను. డబ్బాలతో అయితే పార్సెల్లో మూడు సీసాలే పట్టేవి. డబ్బాలు తీసేస్తే ఆరు పట్టాయి. డబ్బాతో పాటు కాగితమూ పోయింది. పద్దెనిమిదేళ్ళ అనుభవం, నాకు తెలియనిది అందులో ఏముంటుందిలే అనుకున్నాను.

నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే దుకాణంలో ఇంకో డబ్బా విప్పి చదివాను. రెండో వైపు, కింది నుంచి మూడో వాక్యం. "టీతోగాని, పాలతోగాని తీసుకోరాదు." చీమతలకాయంత అక్షరాలు.

అప్పుడే రాయొచ్చు. రాస్తే, కాగితం ఎందుకు పంపలేదని నువ్వు అడుగుతావు. అందుకే తాగేవి కూడా రాయమని మాత్రం రాశాను. నీ పట్టికలో టీ లేకపోవడం చూసి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. తప్పు నాది కాదన్నమాట అనుకున్నాను. స్లావిలో టీ లేని ఇల్లు ఉంటుందా అని రెండు వారాలు నన్ను నేను ప్రశ్నించుకోలేదు. ప్రశ్నించుకోవడం ఇష్టం లేక.

ఆదివారం నోరు విప్పకపోవడానికి రస్మిగారు సగమే కారణం.

ఆగస్టు ఎనిమిదిన నేను కూడా వస్తాను. ఆ నర్సు ముందు నిలబడి కాగితం పారేసింది నేనని చెబుతాను. పుస్తకంలో నా పేరు రాయమను.

కుస్తియా


స్లావి
9 ఆగస్టు 1994

అక్కయ్యకు,

మిమ్మల్ని రావద్దని నేను కబురు పంపినందుకు మీరు నొచ్చుకున్నారని తెలుసు. నిన్న జరిగినది చదివితే కారణం అర్థమవుతుంది. ఈసారి అంకెలు వేయను.

ముప్పై ఒక్క రోజులు నారింజ రసంతో ఇచ్చాను. మొదటి వారం లింతంగ్ ఉమ్మింది, ముక్కు మూసుకుంది, "బాపా, టీ ఎందుకు అలిగింది?" అని అడిగింది. తర్వాత అలవాటుపడింది. నిన్న పరీక్షలో తొమ్మిది పాయింట్ తొమ్మిది. వుర్యానీ ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, చదవడం రానిదానిలా చాలాసేపు చూసింది.

నర్సు సుహార్తి కూడా చూసింది. చూసి, నవ్వి, వుర్యానీ భుజం తట్టి అన్నది: "చూశావా ఇబు, శ్రద్ధగా పోస్తే ఎలా పెరిగిందో. అప్పుడే ఇలా చేసి ఉంటే?"

అక్కయ్యా, పిల్ల కోలుకోవడం కూడా తల్లి మీద సాక్ష్యమైంది. రక్తం పెరగకపోతే తల్లి తప్పు. పెరిగితే, అంతకుముందు తల్లి తప్పు చేసిందనడానికి రుజువు. అలాంటి లెక్కను నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

బల్ల మీద కూర్చోమంటుందేమోనని ముందే తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. మందు పోసింది నేనని, టీలో పోశానని, పదకొండో పేజీలో వాక్యం కొట్టివేయాలని చెప్పాను. ఆరోగ్య పుస్తకంలో కొట్టివేతలు ఉండవన్నది. ఒకసారి రాసింది రాసిందేనట. అబద్ధమైనా సరేనా అన్నాను. "తల్లి ఉన్న ఇంట్లో మందు తండ్రి పోశాడని ఎవరు రాస్తారు బాపా? మాకు ఆ గడే లేదు" అన్నది. గొంతు విని డాక్టరుగారు గ్లాసు చేత్తో పట్టుకుని వచ్చారు. ఆ గ్లాసు వైపు చూపించి, అయ్యా, మీరు తాగుతున్నదే నా కూతురి మందును తిన్నది, మీరు ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది అన్నాను. ఆయన గ్లాసును చూసుకున్నారు. మందు రాసేటప్పుడు ఇకమీదట అడుగుతానన్నారు. దాన్ని క్షమాపణ అనను. నర్సు మాత్రం పుస్తకం మూసి చేతి కింద పెట్టుకుంది.

అప్పుడు వుర్యానీ మాట్లాడింది. మెల్లగా కాదు. "పుస్తకం ఇటివ్వండి సిస్టర్. కొట్టేయొద్దు. కింద ఖాళీ ఉంది, ఆయన్ని రాసుకోనివ్వండి. ఇక్కడ రాయనివ్వకపోతే ఇంటికొచ్చి గోడంతా రాస్తారు. గోడలు తుడిచేది నేను."

వరుసలో కూర్చున్న తల్లులు నవ్వారు. డాక్టరుగారు తల ఊపారు. నర్సు పుస్తకం నా వైపు తోసింది. కలం మాత్రం ఇవ్వలేదు. నా జేబులోది తీశాను.

మీ పేరు రాయలేదు. దయతలచి కాదు. మీ మీద కోపం తగ్గలేదు, తగ్గినరోజు తేదీ వేసి తెలియజేస్తాను. రోజూ ఆ కప్పులో చెంచా వంచిన చేయి మాత్రం నాది. మీరు చేయవలసినది ఒకటుంది. ఇకమీదట మీ దుకాణం దాటే ప్రతి ఐరన్ సీసా మీద, ఆ పదకొండుమంది పిల్లల సీసాలతో మొదలుపెట్టి, ఆ మూడో వాక్యాన్ని మీ చేత్తో పెద్ద అక్షరాల్లో రాసి అంటించండి. చేశారో లేదో చూడటానికి వస్తాను.

బాతుగుడ్లు పక్కింటివాళ్ళకు ఇచ్చేశాం. వుర్యానీయే ఇచ్చింది.

పదకొండో పేజీలో, నీలం సిరా కింద నేను రాసినదాని నకలు ఇది:

"పై వాక్యం నిజం కాదు. ఈ బిడ్డకు ఐరన్ మందు ప్రతిరోజూ ఇచ్చినది తండ్రి. నూట ఇరవై నాలుగు రోజులు టీలో కలిపి ఇచ్చి, మందును పనిచేయకుండా చేసినదీ తండ్రే. ఈ బిడ్డ ఏమి తాగుతుందని ఈ ఆస్పత్రిలో ఎవరూ అడగలేదు. తల్లి ఏ రోజూ ఏ మోతాదూ తప్పించలేదు. ఇది చదివేవారు ఆమెను ప్రశ్నించవద్దు. నన్ను పిలవండి, వస్తాను.

సోమవారం, 8 ఆగస్టు 1994, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు.

కర్సోనో విర్యదిమెజ"